చేజారుతున్న ఆటను నిలబెట్టుకోవడం ఎలా? అష్టాచెమ్మ నుంచి చదరంగం దాకా

క్లుప్తంగా

వెనకబడ్డ ఆటగాడు కోలుకునే దారి ఒక్కో ఆటలో ఒక్కో రకంగా ఉంటుంది. గవ్వలూ పాచికలూ లేని ఇద్దరి ఆటలో ఓపికగా అడ్డుకుంటూ ఆటను సాగదీయాలి. గవ్వల ఆటలో దానికి తలకిందులుగా, తెగించి ఎదుటివారి కాయల వెంట పడాలి. నలుగురైదుగురు ఆడే ఆటలో చిన్నగా మారి, ఎవరి కంటా పడకుండా, బేరాలతో బతకాలి. ఒక ఆటలో పనికొచ్చే పద్ధతిని మరో ఆటలో వాడటం వల్లే చాలామంది కోలుకోగల స్థితిలోనూ ఓడిపోతున్నారు.

వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2018లో, 14 ఏళ్ల వయసులో, దేశానికి 54వ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ పిల్లలకు చదరంగం ఎక్కడో దూరాన ఆడే ఆట కాదని తేలిపోయింది. అయితే కొత్తగా టోర్నీలకు వెళ్లే పిల్లల్లో ఒక అలవాటు ఉంది. ఏనుగో గుర్రమో పోగానే ఆట ముగిసిందనుకుంటారు. కొందరు అక్కడే చేయి కలిపి లేచిపోతారు, మిగతావాళ్లు చకచకా నాలుగు ఎత్తులు వేసేసి త్వరగా ఓడిపోతారు. దసరా సెలవుల్లో ఇంట్లో అష్టాచెమ్మ గీసుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది. రెండు కాయలు చావగానే ‘నేను ఆడ’ అని గవ్వలు వదిలేస్తారు. ఆటలో ఇంకా ఎంత మిగిలి ఉందో లెక్కపెట్టడం ఎవరూ నేర్పకపోవడం దీనికి పెద్ద కారణం. ఆ లెక్క నేర్పదగినదే.

ఆధిక్యం దానంతట అదే పెరుగుతుందా?

వెనకబడ్డవారు ముందుగా చూడాల్సింది ఇది. కొన్ని ఆటల్లో ముందున్నవారి సంపదే మరింత సంపదను తెస్తుంది. వామనగుంటలు దీనికి మంచి ఉదాహరణ. 14 గుంటలు, గుంటకు 5 చొప్పున 70 చింతగింజలతో మొదలుపెట్టే పద్ధతిలో, మొదటి ఆటలో తక్కువ గింజలు వచ్చినవారు తర్వాతి ఆటకు తమ గుంటలన్నీ నింపలేరు. నిండని గుంటలను మూసేస్తారు. 35 గింజలకు బదులు 22 మాత్రమే చేతికొస్తే నాలుగు గుంటలే నిండుతాయి, రెండు గింజలు మిగిలిపోతాయి. నాలుగు గుంటల నుంచి ఎంచుకునేవారికి ఏడు గుంటల నుంచి ఎంచుకునేవారి కంటే దారులు తక్కువ. కాబట్టి రెండో ఆటలో తేడా ఇంకా పెరుగుతుంది. ఇలాంటి ఆటలో ‘తర్వాత చూసుకుందాం’ అనే మాట పనికిరాదు. గింజలు ఐదేసి పోతున్నప్పుడు ఒక్క గింజ కూడా విలువైనదే. 24 వస్తే నాలుగు గుంటలు, 25 వస్తే ఐదు. ఆట చివర్లో ఆ ఒక్క గింజ కోసమే ఎత్తు వేయాలి.

మరికొన్ని ఆటల్లో వెనకబడ్డవారికి నియమమే చేయూతనిస్తుంది. నవకంకరిలో, అంటే మనవాళ్లు దాడి అని పిలిచే ఆటలో, చాలాచోట్ల పాటించే నియమం ప్రకారం మూడు కాయలే మిగిలినవారు గీతల వెంట నడవనక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఏ చోటికైనా ఎగరవచ్చు. కాయలు పోయినకొద్దీ కదిలే స్వేచ్ఛ పెరుగుతుందన్నమాట. అందుకే నాలుగు కాయల స్థితి మూడు కాయల స్థితి కంటే ఇరుకుగా అనిపించే సందర్భాలున్నాయి. ఈ ఆటను 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటర్‌తో పూర్తిగా లెక్కకట్టి, ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా అని తేల్చాడు. ఊళ్లలో ఎగిరే నియమం ఉన్నదీ లేనిదీ మారుతుంటుంది. కాబట్టి మొదలుపెట్టే ముందే అడిగి తేల్చుకోవాలి. నియమం తెలియక మూడు కాయల దగ్గర ఆట వదిలేసేవారు ఉంటారు.

కొత్త తరం బోర్డు ఆటల్లో ఈ చేయూతను ఆట తయారుచేసేవారే అమరుస్తున్నారు. నగరాలకు కరెంటు అందించే పవర్ గ్రిడ్ ఆటలో ఎక్కువ నగరాలున్నవారు ఇంధనం కొనేది, కొత్త నగరాల్లో కట్టేది అందరికంటే చివర. అప్పటికి చౌక ఇంధనం అయిపోతుంది. ఆ వరుసను గమనించినవారు కావాలనే ఒక అడుగు వెనక ఉండి, ఆఖరి రౌండ్లో దూకుతారు.

చదరంగం: ఏవి మార్చుకోవాలి, ఏవి మార్చుకోకూడదు

చదరంగంలో అదృష్టం లేదు. ఓడే స్థితిలో ఉన్నవారు గట్టెక్కాలంటే ఎదుటివారు తప్పు చేయాలి. ఎదుటివారికి ఎన్నిసార్లు తప్పు చేసే అవకాశం ఇచ్చామన్నదే లెక్క. అందుకే ఒక పావు పోగానే ఎదురుదాడికి పరుగెత్తడం చాలాసార్లు నష్టం. ఎదురుదాడిని తిప్పికొడితే ఆట పది ఎత్తుల్లో ముగుస్తుంది. మొండిగా అడ్డుకుంటే ఇంకో నలభై ఎత్తులు సాగుతుంది, ఆ నలభైలో ప్రతిదీ ఎదుటివారు సరిగ్గా వేయాలి.

మొదటి సూత్రం మార్పిడి గురించి. వెనకబడ్డప్పుడు బంట్లను మార్చుకోవాలి, పెద్ద పావులను ఉంచుకోవాలి. కారణం సులభం. ఒక గుర్రం గాని ఒక ఒంటె గాని అదనంగా ఉన్నా, బోర్డు మీద బంట్లు మిగలకపోతే దానితో షహ్ మాత్ (ఆటకట్టు) చేయడం కుదరదు. ఎదుటివారి గెలుపు వారి బంటు చివరి వరుసకు చేరడం మీదే ఆధారపడుతుంది. బంట్లు తగ్గినకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. అదే పావులు మారిపోయి బంట్లు మిగిలితే, ఒక్క బంటు తేడా కూడా కొత్త మంత్రిగా మారి ఆటను ముగిస్తుంది.

ఈ సూత్రం తప్పితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట. మన గుకేశ్, అప్పటి ప్రపంచ చాంపియన్ అయిన చైనా ఆటగాడు డింగ్ లిరెన్ చెరి ఆరున్నర పాయింట్లతో ఉన్నారు. డింగ్ ఒక బంటు వెనకబడ్డాడు. కానీ ఇద్దరికీ ఒక ఏనుగు, ఒక ఒంటె మిగిలి ఉన్నాయి కాబట్టి ఆట డ్రా వైపే సాగుతోంది. 55వ ఎత్తులో అతను ఏనుగుల మార్పిడికి దారి ఇచ్చాడు. అతని ఒంటె అప్పటికే బోర్డు మూలలో ఉండటంతో గుకేశ్ ఒంటెల మార్పిడి కూడా బలవంతంగా జరిపించాడు. రాజులు, బంట్లే మిగిలాయి. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ప్రపంచ చాంపియన్ స్థాయిలోనే అలసట ఇలా చేయించగలిగితే, మూడు గంటలు కూర్చున్న పన్నెండేళ్ల పిల్లల చేత చేయించకుండా ఉంటుందా? అందుకే ఈ సూత్రాన్ని అలవాటుగా మారేదాకా ఆడించాలి.

రెండోది, డ్రా అని ముందే తేలిన స్థితులను గుర్తుపెట్టుకోవడం. నాలుగైదు తెలిస్తే చాలు, ఓడుతున్న ఆటను ఎటు నడపాలో తెలుస్తుంది.

ఎక్కువసార్లు ఎదురయ్యేది ఏనుగు, బంటుకు ఎదురుగా ఒట్టి ఏనుగు. దీనికి 18వ శతాబ్ది ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ చూపిన పద్ధతి ఉంది. ఎదుటి బంటు చివరకు చేరాల్సిన గడిలో గాని దాని పక్కన గాని మన రాజు ఉండాలి. ఎదుటివారి వైపు నుంచి లెక్కిస్తే ఆరో వరుసలో మన ఏనుగును నిలపాలి. ఎదుటి రాజు ఆ వరుస దాటి రాలేదు. మనం ఏనుగును అదే వరుసలో అటూ ఇటూ జరుపుతూ ఉంటాం. దారి తెరవడానికి వాళ్లు బంటును ఆరో వరుసకు తోస్తారు. అది తోసిన క్షణమే మన ఏనుగు ఎదుటివారి మొదటి వరుసకు వెళ్లిపోయి, అక్కడి నుంచి వరసగా చెక్ చెప్పాలి. బంటు ముందుకు వెళ్లిపోయింది కాబట్టి రాజు దాని చాటున దాక్కోలేడు. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. బంటు ఆరో వరుసకు రాకముందే తొందరపడి చెక్‌లు మొదలుపెట్టడం ఒకటి. అప్పుడు రాజు బంటు ముందుకే నడిచి దాక్కుంటాడు. బంటు వచ్చాక కూడా ఏనుగును ఆరో వరుసలోనే ఉంచేయడం రెండోది.

మరొకటి అంచు బంటు. ఎదుటివారికి ఒక ఒంటె, బోర్డు అంచు వరుసలో ఒక బంటు ఉన్నాయనుకుందాం. బంటు చేరాల్సిన మూల గడి తెలుపు, ఒంటె నడిచేది నలుపు గళ్ల మీద. మన రాజు ఆ మూలకు చేరితే చాలు, ఎవరూ కదిలించలేరు. దగ్గరకు వస్తే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే మనకు కదిలే దారి లేక డ్రా. కాబట్టి ఒంటె ఉన్నవారితో ఆడుతూ వెనకబడితే, వాళ్ల బంట్లలో అంచుది మాత్రమే మిగిలేలా మార్పిడులు చేయడం ఒక లక్ష్యం. ఇద్దరికీ చెరో ఒంటె ఉండి, ఒకటి తెలుపు గళ్లలో, మరొకటి నలుపు గళ్లలో నడుస్తుంటే, బంటు తేడా ఉన్నా చాలాసార్లు డ్రాకే చేరుతుంది. వాళ్ల ఒంటె మన అడ్డును తాకలేదు.

మూడోది నియమాల అండ. ఒకే స్థితి, అదే ఆటగాడి వంతుతో, మూడుసార్లు వస్తే డ్రా అడగవచ్చు. ఇరువైపులా 50 ఎత్తుల పాటు బంటు కదలక, పావు పోకపోయినా అడగవచ్చు. అడిగే పద్ధతిలో తప్పు జరిగితే హక్కు పోతుంది. ఆ స్థితిని తెచ్చే ఎత్తును ముందు స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాయాలి, బోర్డు మీద ఆడకూడదు. గడియారం ఆపి ఆర్బిటర్‌ను (పోటీ న్యాయనిర్ణేతను) పిలవాలి. పావును ముట్టుకుంటే ఆ ఎత్తుకు అడిగే హక్కు ఉండదు. అడిగింది తప్పని తేలితే ఎదుటివారికి 2 నిమిషాలు కలుస్తాయి. ఎవరూ అడగకపోయినా ఐదుసార్లు ఒకే స్థితి వచ్చినా, బంటు కదలక, పావు పోక 75 ఎత్తులు గడిచినా ఆట డ్రాగా ముగుస్తుంది. వీటన్నిటికీ స్కోర్‌షీట్ శుభ్రంగా రాసి ఉండటం ముఖ్యం. ఓడిపోతున్నామని రాయడం మానేసే పిల్లలు తమ చేతిలోని ఆధారాన్ని తామే పారేసుకుంటున్నారు.

గడియారం కూడా పావే. 90 నిమిషాలకు ఎత్తుకు 30 సెకన్లు కలిసే పోటీల్లో, పావు పోయిన వెంటనే ఐదు నిమిషాలు ఆగి ఆలోచించడం వృథా కాదు. పోయిన పావు కోసం బాధతో వేసిన తర్వాతి ఎత్తులోనే రెండో పావు పోతుంటుంది.

పులిమేక: ఖాళీ గళ్ల లెక్క

దక్షిణాదిలో పాత గుళ్ల బండల మీద, ఊరి అరుగుల మీద గీసి కనిపించే ఈ ఆటలో 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ దిగాక ఒక్కటీ పోకపోతే ఖాళీలు 5. మేక పోయిన ప్రతిసారీ ఒక ఖాళీ పెరుగుతుంది. నాలుగు పోతే 9. పులులను కట్టేయడానికి మేకలు ఈ ఖాళీలను పులులకు అందకుండా దాచాలి కాబట్టి, మొదటి రెండు మేకల నష్టం కన్నా ఆ తర్వాతి రెండింటి నష్టం చాలా బరువైనది.

మేకలవైపు వెనకబడితే చేతిలోని మేకలే ఆయుధం. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలదు, కదలాల్సిన అవసరమూ రాదు. పులి దూకడానికి ఒకే గీత మీద పులి, మేక, ఖాళీ వరసగా ఉండాలి. కాబట్టి మిగిలిన మేకలను గీత చివర్లలోనో, ఇప్పటికే ఉన్న మేక వెనకో దించితే ఒకేసారి రెండు మేకలు భద్రం. పోయిన మేక మీద కోపంతో పులి పక్కనే కొత్త మేకను దించడం మామూలుగా జరిగే పొరపాటు.

పులులు వెనకబడ్డప్పుడు లెక్క వేరు. రెండు పులులు కట్టుబడిపోయినా, మూడోదానికి అటూ ఇటూ తిరగడానికి రెండు ఖాళీ చుక్కలుంటే ఆట బతికే ఉంది. పులి ఆ రెండింటి మధ్య తిరుగుతూ ఉంటుంది. మేకలన్నీ దిగాక ప్రతి వంతులో ఏదో ఒక మేక కదలక తప్పదు. కదిలిన చోట కంత పడుతుంది. అందుకని పులివైపు ఆడేవారు ఒక మేకను తినే ఆశతో ఆ రెండు చుక్కల చోటును వదిలిపెట్టకూడదు.

అష్టాచెమ్మ: గవ్వల లెక్కతో వేట

గవ్వల ఆటలో ఓపిక ఒక్కటే చాలదు. ముందున్నవారు, వెనకున్నవారు ఒకే సగటుతో నడిస్తే తేడా అలాగే ఉండిపోతుంది. తేడాను చెరిపేది కొట్టడమే. కొట్టే అవకాశాన్ని లెక్కపెట్టవచ్చు.

నాలుగు గవ్వలు, ఒక్కో గవ్వ వెల్లకిలా లేదా బోర్లా పడే అవకాశం సమానం అనుకుంటే, 16 రకాల్లో 1 పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. చెమ్మ (4) ఒకటి, అష్ట (8) ఒకటి. అంటే ఎదుటి కాయ మన కాయకు రెండు గళ్ల ముందుంటే ఒక పందెంలో కొట్టే అవకాశం 37.5 శాతం. ఒక గడి లేదా మూడు గళ్ల ముందుంటే 25 శాతం. నాలుగు గళ్ల దూరంలో 6.25 శాతమే. ఐదు గళ్లకు చెమ్మ పడి మళ్లీ ఒకటి పడాలి, అది 2 శాతం కూడా కాదు.

వెనకబడ్డవారికి ఈ అంకెలు రెండు పనులు చెబుతున్నాయి. ఒకటి, వేటకాయలను ఎదుటి కాయకు వేర్వేరు దూరాల్లో ఉంచాలి. ఒక కాయ రెండు గళ్ల వెనక, మరొకటి ఒక గడి వెనక ఉంటే 1 పడినా 2 పడినా దెబ్బే, అవకాశం 62.5 శాతం. మూడు కాయలు ఒకటి, రెండు, మూడు గళ్ల వెనక ఉంటే 87.5 శాతం. రెండు కాయలను ఒకే గడిలో ఉంచితే వేటకు కలిసొచ్చేదేమీ లేదు. రెండు, మన కాయ ఇల్లు (కాయను కొట్టకూడని గడి) దాటి బయట నిలవాల్సి వస్తే ఎదుటి కాయలకు కనీసం నాలుగు గళ్ల ముందుండేలా చూసుకోవాలి.

ఇంకో విషయం ఉంది. 25 గళ్ల బోర్డులో కాయ పండాలంటే 24 అడుగులు. చెమ్మ, అష్టలకు మళ్లీ పందెం దొరుకుతుంది కాబట్టి వంతుకు సగటు నడక 2.86 అడుగులు. 14 అడుగులు నడిచిన కాయ చస్తే దాదాపు ఐదు వంతుల నడక పోతుంది. మూడు అడుగుల కాయ చస్తే పోయేది ఒక వంతు. వెనకబడ్డవారికి పోగొట్టుకునేది తక్కువ, రాబట్టుకునేది ఎక్కువ. అందుకే వాళ్లు తెగించాలి. ముందున్నవారిలా ఇల్లు నుంచి ఇంటికి భద్రంగా నడవడం వాళ్లకు పనికిరాదు. కొట్టనిదే లోపలి వరుసకు పోనివ్వని పద్ధతిలో ఆడేవారికైతే వేట ఎలాగూ తప్పదు.

చివర్లో కూడా ఆశ ఉంది. కాయ పండటానికి సరిగ్గా పడాలనే నియమం ఉంటే, ఒక్క గడి దూరంలో ఆఖరి కాయతో ఆగిపోయినవారికి 1 పడటానికి సగటున మూడున్నర వంతులు పడుతుంది. ఆ వంతులను వెనకున్నవారు లెక్కలో వేసుకోవాలి.

అసలు గవ్వలు ఈ లెక్కకు కొంత అటూ ఇటూగా పడతాయి. ఒక్కో గవ్వను 100 సార్లు వేసి వెల్లకిలా ఎన్నిసార్లు పడిందో రాసుకుంటే ఇంట్లోని గవ్వల గుణం తెలిసిపోతుంది. పిల్లలకు సంభావ్యత నేర్పడానికి ఇంతకంటే మంచి పనిముట్టు దొరకదు.

నలుగురు ఆడే ఆటల్లో

ఇక్కడ వెనకబడ్డవారికి శత్రువు ముందున్న ఒక్కరే. మిగతా ఇద్దరు ముగ్గురికీ శత్రువు అతనే. దేశాలు గెలుచుకునే రిస్క్ ఆటలో వంతు మొదట్లో వచ్చే సైన్యం, చేతిలోని దేశాలను మూడుతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఎంత తక్కువైనా 3 వస్తుంది. కాబట్టి 11 దేశాలున్నా 5 దేశాలున్నా వచ్చేది 3. పలుచగా పరుచుకున్న 11 దేశాలను కాపాడుకుంటూ అన్నిచోట్లా ఓడేకంటే, ఒక మూలకు సర్దుకుని సైన్యాన్ని కుప్పవేయడం మేలు. వంతుకు ఒక్క దేశం గెలిచినా ఒక కార్డు వస్తుంది. కార్డుల సెట్ విలువ 4, 6, 8, 10, 12, 15, 20 అని పెరుగుతూ పోతుంది. ఎవరు మార్చినా తర్వాతివారికి విలువ పెరుగుతుంది. ఆలస్యంగా మార్చే చిన్న ఆటగాడికి ఒకేసారి 20 సైన్యం రావచ్చు. అయితే ఒకరిని పూర్తిగా తుడిచిపెట్టినవారికి వారి కార్డులు దక్కుతాయి. నాలుగు కార్డులు పట్టుకుని బలహీనంగా కూర్చున్నవారు అందరికీ ఎర. మూడు కార్డులతో సెట్ కుదిరి, చుట్టూ బలవంతులుంటే మార్చేయడమే మంచిది.

స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే మోనోపలీలో ఇళ్లు 32 మాత్రమే. చౌక రంగులు మూడింటిలో 8 స్థలాలకు నాలుగేసి ఇళ్లు కట్టి, హోటళ్లకు మార్చకుండా ఉంచితే బ్యాంకులో ఇళ్లు అయిపోతాయి. ఖరీదైన స్థలాలున్నవారు కట్టుకోలేరు, నాలుగు ఇళ్లు లేకుండా నేరుగా హోటల్‌కూ పోలేరు. బోర్డంతా ఇళ్లు నిండాక జైల్లో పడటం వరం. అద్దెలు వసూలు చేసుకుంటూనే, కట్టాల్సిన అద్దెలు తప్పుతాయి.

సరుకులు మార్చుకుంటూ పాయింట్లు కూడబెట్టే కటాన్ ఆటలో పాయింట్లు చాలావరకు అందరి కళ్ల ముందే ఉంటాయి. 7 పాయింట్లు దాటినవారితో సరుకు మార్చుకోవడం మిగతావారు మానేస్తారు. అప్పుడు వెనకున్నవారికే బేరాలు చౌకగా దొరుకుతాయి. ఆ చౌక బేరాలను అడిగి తీసుకోవాలి, మొహమాటపడకూడదు.

సాధన

చదరంగంలో ఓపెనింగ్‌లు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) బట్టీపట్టించడం కంటే ముందు డ్రా స్థితులు ఆడించడం మేలు. ఫిలిడోర్ స్థితిని బోర్డు మీద పేర్చి ఇద్దరికీ ఐదేసి నిమిషాలు పెట్టాలి. ఒకసారి అయ్యాక వైపులు మార్చి మళ్లీ ఆడించాలి. నాలుగోసారికి పిల్లలు ఏనుగును ఆరో వరుస నుంచి కదల్చాల్సిన క్షణాన్ని చెప్పకుండానే పట్టుకుంటారు. పులిమేకలో 15కు బదులు 12 మేకలతో మొదలుపెట్టించవచ్చు. అష్టాచెమ్మలో ఒకరి రెండు కాయలు ఇప్పటికే పండినట్టు, రెండోవారి కాయలన్నీ ఇంట్లోనే ఉన్నట్టు పెట్టి పది ఆటలు ఆడించి, వెనకున్నవారు ఎన్ని గెలిచారో కాగితం మీద రాయించాలి. తర్వాతి వారం వైపులు మార్చి ఇంకో పది ఆడిస్తే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.